హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టమంటున్న అన్నయ్యకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: డెల్టా ఆడపడుచు

అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరు. నేను చాలా ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటూ ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. మేము నలుగురం: అక్క, అన్నయ్య, నేను, తమ్ముడు. అక్క పెళ్ళి 1983లో, నా పెళ్ళి 1991లో జరిగాయి. నాన్నగారు 2002లో కాలం చేశారు. తాతగారి నుంచి నాన్నగారికి వచ్చిన ఐదు ఎకరాల మాగాణి ఉంది. నాన్నగారు పోయాక పట్టాదారు పాసుపుస్తకం అన్నయ్య పేరు మీదికి మారింది. సాగు చూసేది తమ్ముడు. ఇంతవరకు ఎవరూ భాగాలు పంచుకోలేదు, మేమూ అడగలేదు.

ఊరి పక్కగా కొత్త రోడ్డు పడి ధరలు పెరగడంతో అన్నదమ్ములిద్దరూ పొలం అమ్మడానికి నిశ్చయించుకుని బయానా కూడా తీసుకున్నారు. అయితే కొనేవారి వకీలు కాగితాలు చూసి, ఆడపడుచులిద్దరి సంతకాలు లేకుండా రిజిస్ట్రేషన్‌కు రావద్దని చెప్పారట. అందుకని అన్నయ్య నాకు వాట్సాప్‌లో ఒక ముసాయిదా పంపించాడు. దాని పేరు హక్కు విడుదల దస్తావేజు. అందులో ఇలా ఉంది: "నా వివాహ సమయమున పసుపు కుంకుమల నిమిత్తము నాకు రావలసినది యావత్తు ముట్టియున్నందున, ఈ దిగువ షెడ్యూలు ఆస్తిలో నాకు గాని, నా వారసులకు గాని ఏ విధమైన హక్కు లేదు." ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. నా పెళ్ళికి ఎనభై వేల రూపాయల కట్నం, పది కాసుల బంగారం ఇచ్చిన మాట నిజమే. ఆ కట్నం డబ్బుతో మా మామగారు తన పెద్ద కూతురి పెళ్ళి అప్పు తీర్చుకున్నారు. నా చేతికి అందులో ఒక్క రూపాయి కూడా రాలేదు.

అక్క సంగతి ఇంకా కష్టం. బావగారు పోయి పన్నెండేళ్ళయింది. పిల్లలు లేరు. పక్క పట్టణంలో కుట్టుపని చేసుకుంటూ బతుకుతోంది, ఆ సంపాదనతోనే రెండు గదుల చిన్న ఇల్లు కొనుక్కుంది. "అక్క పెళ్ళి చట్టం రాకముందే అయిపోయింది కాబట్టి ఆమెకు అసలు హక్కే లేదు, పైగా పిల్లలు లేని మనిషికి పొలం ఎందుకు?" అని అన్నయ్య అంటున్నాడు.

పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు అమ్మ పెరటి వసారాలో కూర్చుని మినుములు చెరుగుతోంది. విషయం నేను ఎత్తకముందే, చేట ఆపకుండా, నా ముఖం చూడకుండా అంది: "పెట్టేయ్ తల్లీ ఆ సంతకం. నేను పోయాక కూడా నువ్వు ఈ గడప తొక్కాలి గదా." ఆ మాటతో నాకు నోట మాట రాలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో అంతా అదే ఆలోచన.

నేను అడిగేది మూడు విషయాలు. అక్కకు, నాకు నిజంగా హక్కు ఉందా, ఉంటే ఎంత? సంతకం పెట్టకపోతే ఏం జరుగుతుంది, పెడితే ఏం జరుగుతుంది? అన్నదమ్ములతో తెగదెంపులు కాకుండా ఈ మాట మాట్లాడిన వాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? దయచేసి అనుభవంతో చెప్పండి.

జవాబు 1: సివిల్ వకీలు

అమ్మా, నేను జిల్లా కోర్టులో పాతికేళ్ళకు పైగా భాగపరిష్కార దావాలు చూస్తున్నాను. ముందుగా ఒక మాట. పూర్తి కాగితాలు చూడకుండా తుది అభిప్రాయం చెప్పడం సరికాదు. కాని మీరు చెప్పిన వివరాలను బట్టి, మీకూ మీ అక్కగారికీ హక్కు ఉందనడంలో నాకు సందేహం లేదు.

మీరు లెక్కల ఉపాధ్యాయిని కనుక లెక్కతోనే చెబుతాను, ఎందుకంటే ఈ పోరాటం చరిత్ర అంతా ఆ ఐదు ఎకరాల్లోనే కనిపిస్తుంది. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేనాటికి పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉండేది. పెళ్ళి, వారసత్వం వంటి విషయాల్లో హిందూ స్త్రీలకు హక్కులు ఇవ్వజూసిన హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వలేదన్న ఆవేదనతో అంబేడ్కర్ 1951లో కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టాల్లో ఇదొకటి. దీని ప్రకారం లెక్క ఇలా ఉండేది. తండ్రి పోయిన క్షణాన, తండ్రీ ఇద్దరు కొడుకులూ పంచుకున్నట్టు ఊహించి మూడు భాగాలు చేస్తారు. కొడుకులు తమ భాగాలు తాము తీసుకున్నాక, తండ్రి భాగంగా మిగిలిన ఒక ఎకరం 67 సెంట్లలో మాత్రమే భార్యకూ, నలుగురు పిల్లలకూ సమానంగా వస్తుంది. అంటే కొడుకులకు చెరి రెండు ఎకరాలు, మీకు 33 సెంట్లు, మీ అక్కగారికి 33 సెంట్లు, అమ్మగారికి 33 సెంట్లు. చట్టం దృష్టిలో కూతురు వారసురాలే. అయినా కొడుకు చేతికి వచ్చినదానిలో ఆరోవంతే ఆమెకు దక్కేది.

దీన్ని మార్చిన తొలి రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చినట్టు లెక్క. దాని ప్రకారం కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే భాగస్వామి. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఇదే దారి పట్టాయి. కాని ఆ సవరణ, అది అమలులోకి రాకముందే పెళ్ళయిన కూతుళ్ళను పక్కన పెట్టింది. మీ అన్నయ్యగారు చెబుతున్నది ఆ నిబంధన గురించే. దాని ప్రకారం లెక్క కడితే మీ అన్నదమ్ములకూ మీకూ తలా ఎకరంన్నర, అక్కగారికీ అమ్మగారికీ 25 సెంట్ల చొప్పున వస్తుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళలో ఒకరికి ఎకరంన్నర, ఒకరికి పాతిక సెంట్లు. పెళ్ళి ముహూర్తం ఏ సంవత్సరంలో పడింది అన్నదొక్కటే ఆ తేడాకు కారణం.

ఆ తేడాను 2005 కేంద్ర సవరణ తీసివేసింది. అది 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చింది. అందులో పెళ్ళయిన కూతురు, పెళ్ళి కాని కూతురు అన్న భేదం లేదు. తరువాత చాలా ఏళ్ళు, ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న ప్రశ్న కోర్టులను వేధించింది. ఉండాలని 2015లో సుప్రీంకోర్టు అన్నది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, హక్కు పుట్టుకతో వచ్చేదే కనుక తండ్రి ఎప్పుడు పోయారన్నదానితో పనిలేదని తేల్చింది. కొనేవారి వకీలు మీ సంతకాలు అడుగుతున్నది ఈ తీర్పు కారణంగానే. కాబట్టి ఇప్పుడు సాధారణంగా వేసే లెక్క ఇది: తండ్రికీ నలుగురు పిల్లలకూ ఐదు భాగాలు, తలా ఒక ఎకరం. తండ్రి ఎకరం మళ్ళీ మీ అమ్మగారికీ, మీ నలుగురికీ 20 సెంట్ల చొప్పున. మొత్తం మీద పిల్లలందరికీ ఎకరం 20 సెంట్లు, అమ్మగారికి 20 సెంట్లు. మీ అక్కగారి వాటా 33 సెంట్లతో మొదలై, 25కు తగ్గి, ఇప్పుడు 120 సెంట్లకు చేరింది.

దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో భాగాలు జరిగిపోయి ఉంటే వాటిని తిరగదోడరు. మీ ఇంట్లో అటువంటిది లేదని మీరే అంటున్నారు. "నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నాం" అని ఇప్పుడు ఎవరైనా అంటే, ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారం లేకుండా కోర్టు మామూలుగా ఒప్పుకోదు. ఇల్లు కూడా మరిచిపోకండి. అన్నదమ్ములు పంచుకుంటే తప్ప కూతురు పుట్టింటి ఇంటిలో భాగం అడగరాదన్న 23వ సెక్షను 1956 చట్టంలో ఉండేది. దాన్ని కూడా 2005లో తొలగించారు.

పాసుపుస్తకం అన్నయ్యగారి పేరు మీద ఉందని భయపడకండి. అది రెవెన్యూ రికార్డే. దానివల్ల మిగతావారి హక్కు పోదు. ఉమ్మడి ఆస్తిని ఒకరు సాగు చేసుకుంటున్నా అది అందరి తరఫునా చేస్తున్నట్టే లెక్క. కాని "నీకు భాగం లేదు" అని స్పష్టంగా చెప్పిన తరువాత పన్నెండేళ్ళ గడువు మొదలవుతుంది. మీ అన్నయ్యగారు పంపిన వాట్సాప్ సందేశాన్ని చెరిపివేయవద్దు.

ఇక ఆ ముసాయిదా. రిజిస్ట్రేషన్ అయిన హక్కు విడుదల దస్తావేజును తరువాత రద్దు చేయించుకోవడం చాలా కష్టం. మోసం జరిగిందనో, ఒత్తిడి చేశారనో మీరే రుజువు చేయాలి. సబ్ రిజిస్ట్రార్ ఎదుట మీరు కూర్చుని, వేలిముద్ర వేసి, ఫొటో దిగిన తరువాత "నాకు తెలియకుండా జరిగింది" అంటే వినేవారు తక్కువ. నా దగ్గరకు వచ్చే ఆడవారిలో చాలామంది సంతకం పెట్టిన తరువాత వచ్చేవారే. అదే నా బాధ. "పసుపు కుంకుమల నిమిత్తము ముట్టినది" అన్న మాట కూడా ఉత్తిదే. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. దాని ప్రకారం కట్నం తీసుకోవడమూ ఇవ్వడమూ నేరమే. ఎవరైనా తీసుకున్నా దాన్ని ఆ పెళ్ళికూతురికే అప్పగించాలి. మీ మామగారి అప్పుకు పోయిన డబ్బును మీ వాటా కింద జమకట్టడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు.

సంతకం పెట్టకపోతే ఏం జరుగుతుందంటారా? అమ్మకం ఆగుతుంది, అంతే. సంతకం పెట్టనంత మాత్రాన మీరు తప్పు చేసినట్టు కాదు. అందుకని మీరు అడగవలసింది సంతకం ఎగవేయడం గురించి కాదు, దస్తావేజు పేరు మార్చడం గురించి. హక్కు విడుదల బదులు, అక్కాచెల్లెళ్ళిద్దరూ అమ్మకందారులుగా విక్రయ దస్తావేజులోనే చేరి, మీ వాటా సొమ్ము మీ మీ బ్యాంకు ఖాతాల్లోకి నేరుగా పడేటట్టు రాయించుకోండి. కొనేవారికి కూడా ఇదే క్షేమం.

జవాబు 2: గుంటూరు అన్న

నేను మీ అన్నయ్యగారి స్థానంలో ఉండి వచ్చినవాణ్ణి కనుక రాస్తున్నాను. మా నాన్నగారు పోయాక నాకూ మా చెల్లెలికీ మధ్య ఇదే కాగితం వచ్చింది. తప్పు చేస్తున్నానని నేను అప్పుడు అనుకోలేదు. నాన్నకు పక్షవాతం వచ్చిన ఆరేళ్ళూ మంచం పక్కన పడుకున్నది నేను, పొలం మీద అప్పు తీర్చింది నేను, చెల్లెలి సీమంతానికి, పురుడుకు, ఏటేటా సంక్రాంతి బట్టలకు ఖర్చు పెట్టింది నేను అన్న లెక్క నా మనసులో ఉండేది. చెల్లెలు ఒక్క ప్రశ్న అడగకుండా వచ్చి సంతకం పెట్టి వెళ్ళింది. రిజిస్ట్రారు ఆఫీసు బయట టీ తాగుదామంటే, బస్సుకు వేళయిందని చెప్పి వెళ్ళిపోయింది.

తరువాత ఏడాది తిరగకుండానే మా మామగారి ఊళ్ళో భాగాలు జరిగాయి. మా ఆవిడకు ఎనభై సెంట్లు వచ్చింది. ఆ రోజు నేను దగ్గరుండి కొలతలు వేయించాను, హద్దురాళ్ళు సరిగ్గా పాతారో లేదో చూసుకున్నాను, బావమరుదులతో గట్టిగానే మాట్లాడాను. ఇంటికి వచ్చాక మా ఆవిడ ఏమీ అనలేదు, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి అంది: "మరి మీ చెల్లెలికో?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ అన్నయ్యగారి మనసులో కూడా ఖర్చుల లెక్క ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని తీసిపారేయకుండా ముందు వినండి. అమ్మగారి వైద్యానికో, పొలం అప్పుకో వాళ్ళు పెట్టిన ఖర్చు నిజమైతే, దాన్ని అందరి వాటాల్లోంచి సమానంగా మినహాయించుకుందామని మీరే ముందుగా అనండి. ఖర్చులో భాగం పంచుకుంటామన్న మనిషిని ఆస్తిలో భాగం లేదనడం ఏ అన్నకైనా కష్టం. నేను మా చెల్లెలికి తరువాత అరవై సెంట్లు దానసెటిల్‌మెంటు దస్తావేజుతో రాసి ఇచ్చాను. పూర్తి వాటా కాదది, ఆ సంగతి నాకు తెలుసు. ఇప్పుడు ఇంటికి వచ్చినప్పుడు రెండు రోజులు ఉంటోంది.

జవాబు 3: పాత పంతులమ్మ

తల్లీ, నాకు డెబ్బై రెండేళ్ళు. నేను 1994లో సంతకం పెట్టాను. మా నాన్నగారి పెద్దకర్మ నాడు, భోజనాలు అయ్యాక, చావడిలో చాప మీద కూర్చోబెట్టి కాగితం ఇచ్చారు. అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. ఏడుపు ముఖంతోనే సంతకం చేశాను. అప్పటికి తొమ్మిదేళ్ళుగా మన రాష్ట్రంలో చట్టం ఉందన్న సంగతి, బడిలో సాంఘికశాస్త్రం చెప్పే నాకే తెలియదు. రాజ్యాంగంలో సమానత్వపు హక్కు గురించి ఏటా పిల్లలచేత వల్లె వేయించిన దాన్ని నేను.

తరువాత, ఉద్యోగ విరమణ అయ్యాక, ఆ 1986 సవరణ చట్టం పాఠాన్ని సంపాదించి చదివాను. దాని పీఠికలో ఉన్న భావం నా మనసులో నాటుకుపోయింది. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో కూతుర్ని ఉమ్మడి ఆస్తికి దూరం పెట్టడం రాజ్యాంగం ప్రకటించిన సమానత్వానికి విరుద్ధమనీ, సమాజానికి చేటు చేసే వరకట్న దురాచారం పుట్టడానికి ఆ దూరం పెట్టడమే కారణమైందనీ అందులో ఉంది. చూడు, కట్నమూ ఆస్తిహక్కూ ఒకదానికొకటి బదులు అని మన ఇళ్ళలో చెబుతారు. ఆస్తిహక్కు లేకపోవడం వల్లే కట్నం పుట్టిందని చట్టం చెబుతోంది. మన వాళ్ళు ఆ చట్టం వచ్చాక కట్నమూ మానలేదు, భాగమూ ఇవ్వలేదు. కట్నం ఇచ్చామన్న మాటను భాగం ఎగ్గొట్టడానికి రసీదుగా వాడుకుంటున్నారు.

బంగారానికీ భూమికీ తేడా కూడా చెబుతాను. నాకు పెట్టిన పన్నెండు కాసుల్లో ఏడు మా ఆయన వ్యాపారంలో నష్టానికి పోయాయి, మూడు పిల్లవాడి చదువుకు తాకట్టు పెట్టి విడిపించుకోలేకపోయాం. ఎకరం పొలం నా పేరు మీద ఉండి ఉంటే, నన్ను అడగకుండా అమ్మగలిగేవారా? పొలం ఉన్న ఆడమనిషితో ఇంట్లో మాట్లాడే తీరే వేరు. మా తోడికోడలిని చూసి చెబుతున్నాను. ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన ముప్పాతిక ఎకరం కౌలు డబ్బు ఏటా ఆమె చేతికే వచ్చేది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఎన్నడూ "పుట్టింటికి పో" అనలేదు.

ఇటువంటి హక్కులు ఏవీ పైనుంచి ఊడిపడలేదు. మన తెలుగువారింట తులశమ్మ అన్న ఒక వితంతువు ఉండేది. 1931లో భర్త పోయాడు. మరిది నుంచి మనోవర్తి కోసం కోర్టుకెక్కింది. 1949లో రాజీ కుదిరి, బతికున్నంత కాలం అనుభవించడానికి మాత్రమే అన్న షరతుతో ఆమెకు కొంత ఆస్తి ఇచ్చారు. ఆ తరువాత ఆమె కొంత అమ్మితే, అమ్మే హక్కు నీకెక్కడిదని మరిది దావా వేశాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1956 చట్టంలోని 14వ సెక్షను వల్ల ఆమె సంపూర్ణ హక్కుదారు అయిందని 1977లో తీర్పు వచ్చింది. వితంతువుల ఆస్తి గురించి దేశంలో ఏ కోర్టులో వాదన జరిగినా ఈనాటికీ ఆ తీర్పును చూపుతారు. ఆమె మరిదితో ఎందుకు గొడవ అనుకుని ఊరుకుని ఉంటే, ఆ తీర్పే లేదు.

మీ అమ్మగారి మాట గురించి కూడా చెప్పాలి. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అని మన పెద్దవాళ్ళు అనేవారు. ఆ మాట వింటూ పెరిగి, ఆ ఇంటికి కోడలై వచ్చి, అరవై ఏళ్ళు అక్కడే ఉండి కూడా, గడప తొక్కే హక్కు అన్నయ్య దయ మీద ఆధారపడి ఉంటుందని ఆవిడ నమ్ముతోంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోకు. ఆవిడ నీ మంచికే చెబుతోంది. కాని ఒక్కటి ఆలోచించు. నేను సంతకం పెట్టాను. మా అమ్మ పోయాక మా పుట్టింటి నుంచి నాకు వచ్చిన పిలుపులు రెండే, రెండూ పెళ్ళిళ్ళకే. పుట్టిల్లు నిలుస్తుందనే ఆశతో భాగం వదులుకున్నాను. నాకు రెండూ మిగలలేదు.

డెల్టా ఆడపడుచు

మీ అందరికీ నమస్కారాలు. వకీలుగారి లెక్కను కాగితం మీద వేసుకుని మూడుసార్లు సరిచూసుకున్నాను. నా మూడు కాలాల వాటా పక్కన అక్క వాటా వేసి చూస్తే, ఇన్నాళ్ళు అక్క గురించి నేను కూడా అన్నయ్యలాగే ఆలోచించానని అర్థమైంది. మొదట్లో నా ప్రశ్నలో అక్క సంగతి నేను నా సంగతి తరువాతే రాశాను.

నిన్న అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. తరువాత, "నా పేరు మీద ఎకరం ఇరవై సెంట్లా? నిజంగా అలా రాసి ఉందా?" అని అడిగింది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అక్క కూడా సంతకం పెట్టనంది. ఈ ఆదివారం ఇద్దరం కలిసి ఊరికి వెళుతున్నాం. గుంటూరు అన్నగారు చెప్పినట్టు, అమ్మ వైద్యానికీ బోరు వేయించడానికీ అయిన ఖర్చులో మా భాగం మేం భరిస్తామని ముందుగానే చెబుతాం. మీసేవలో ఈసీకి, అంటే పొలం మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాను, పాత అడంగల్ (సాగు రికార్డు) నకళ్ళు కూడా అడిగాను.

వకీలుగారిని ఇంకో రెండు మాటలు అడగాలి. మా నలుగురికీ ఎకరం ఇరవై వస్తే, జీవితమంతా ఆ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసిన అమ్మకు ఇరవై సెంట్లేనా? అక్కకు పిల్లలు లేరు కదా, ఆమె తదనంతరం ఆమె ఆస్తి ఎవరికి పోతుంది?

సివిల్ వకీలు

మీ మొదటి ప్రశ్నకు జవాబు, అవును. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతో హక్కు వచ్చింది గాని, భార్యగా ఆ ఇంటికి వచ్చిన స్త్రీకి అటువంటి హక్కు రాలేదు. నా లెక్కలో మీరు గమనించే ఉంటారు, ప్రతి సవరణతోనూ అమ్మగారి వాటా 33 నుంచి 25కు, 25 నుంచి 20కి తగ్గుతూ వచ్చింది. కూతుళ్ళకు చేసిన న్యాయం భారంలో కొంత తల్లి మీద పడింది. ఈ లోపాన్ని చట్టసభలే సరిచేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా మీ చేతిలో ఉన్నది మీరు చేయవచ్చు. అమ్మకం సొమ్ములోంచి మీ నలుగురూ తలా కొంత వేసి అమ్మగారి ఒక్కరి పేరు మీదే డిపాజిట్ చేయండి. ఆదివారం మాటల్లో ఈ సంగతిని మొదట ఎత్తండి. పెద్దల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం ప్రకారం ఆమెను చూసుకునే బాధ్యత కూతుళ్ళతో సహా పిల్లలందరిదీ.

రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనది. హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, 1956 చట్టం 15వ సెక్షను ప్రకారం ఆమె ఆస్తి ముందుగా పిల్లలకూ భర్తకూ, వారు లేకపోతే భర్త వారసులకూ వెళుతుంది. ఆమె తల్లిదండ్రులు ఆ తరువాతే వస్తారు. తండ్రి నుంచో తల్లి నుంచో వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం, పిల్లలు లేనప్పుడు, తిరిగి తండ్రి వారసులకు చేరుతుంది. అయితే మీ అక్కగారు కుట్టుపని చేసి సంపాదించుకున్న ఇల్లు సొంత ఆస్తి. 2009లో సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి కేసే వచ్చింది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోతే అత్తవారు వెళ్ళగొట్టిన ఒక స్త్రీ, పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టింది. ఆమె వీలునామా రాయకుండా చనిపోతే, ఆ సొమ్ము వెళ్ళగొట్టిన అత్తవారి వైపుకే పోయింది. ఆమె బాధ పట్ల సానుభూతి ఉన్నా చట్టం అలాగే ఉందని కోర్టు అన్నది.

కాబట్టి ఆదివారం ఊరికి వెళ్ళే ముందో, వచ్చిన వెంటనేనో అక్కగారిచేత వీలునామా రాయించండి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు ఆమె ఎదుట సంతకాలు చేయాలి. ఆస్తి ఎవరికి పోవాలని ఆమె కోరుకుంటే వారికే రాయవచ్చు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయిస్తే తరువాత వివాదాలు తగ్గుతాయి. వీలునామాలో లాభం పొందేవారిని సాక్షులుగా పెట్టవద్దు. మీకు రాయదలుచుకుంటే మీరు గాని మీవారు గాని సాక్షి సంతకం చేయకపోవడమే మంచిది. విక్రయ దస్తావేజు ముసాయిదా చేతికి రాగానే, సంతకాలకు ముందు, మీకు నమ్మకమైన వకీలుకు ఒకసారి చూపించండి.